పాత డీజిలు కారు పోషణ

మోటారుకారు కొనడం ఒక యెత్తు, కొన్నదానిని నడుపుకొని రావడం మరొక యెత్తు. కొత్త కారు కొన్నవానికి మొదటి నాలుగైదేండ్లు ఈ రెండవ సంగతి అంతగా తెలియదు. పాత కారు, అందులోనూ పాత డీజిలు కారు చేతికి వచ్చినవానికి మొదటి వారంలోనే తెలిసిపోతుంది. ఉదయం సెల్ఫ్ కొడితే ఇంజను గుర్రుమంటుంది గాని అందుకోదు. ప్రయాణానికి ముస్తాబైన ఇంటిల్లిపాదీ వీధిలోకి వచ్చి నిలబడతారు. ఇరుగుపొరుగువారు తోయడానికి తలా ఒక చెయ్యి వేస్తారు. ఎట్లాగో కదలి వీధి మలుపు తిరిగేటప్పటికి వెనుక పొగ మాత్రం మిగులుతుంది. ఆ యజమానిని పిలిచి, మీ కారు ఎట్లాంటిదండీ అని అడిగితే, "బండి మంచిదే గాని, నమ్మడానికి లేదు" అంటాడు.

ఈ "నమ్మడానికి లేదు" అన్న మాటను గురించే ఈనాటి ప్రసంగం. నమ్మకం లేని బండిని నమ్మదగినదిగా చేసుకొనడం ఎంతవరకు సాధ్యం? దానికి యజమాని స్వయంగా తెలుసుకొనవలసిన దెంత, మేస్త్రీకి విడిచిపెట్టవలసిన దెంత? ఏ దశలో దానికి స్వస్తి చెప్పడం ధర్మం? ఈ మూడు ప్రశ్నలకు చేతనైనంతలో సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మన దేశంలో పాత డీజిలు కారు అనగానే పెక్కుమందికి మనసులో మెదిలే బొమ్మ అంబాసిడరు. బెంగాలులో, హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఉత్తరపారాలో హిందూస్తాన్ మోటార్సువారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాను తీసుకొని 1958 నుంచి ఈ కారును తయారుచేశారు. 1980లో దానికి 1489 ఘన సెంటీమీటర్ల డీజిలు ఇంజను అమర్చారు. ఆ ఇంజనుది దాదాపు 40 అశ్వశక్తి. లాగవలసిన బండి బరువు టన్నుకు పైమాట. అందువల్ల దానికి పరుగు తక్కువ, ఓపిక ఎక్కువ. పెట్రోలు కంటె డీజిలు చవుకగా దొరికిన ఆ కాలంలో టాక్సీవారికి అది అన్నం పెట్టిన బండి. 2014లో ఉత్తరపారాలో ఉత్పత్తి నిలిచిపోయింది. అయినా మన ఊళ్ళలో చెట్ల నీడలలో, పెంకుటిండ్ల వసారాలలో ఇప్పటికీ కొన్ని కనబడుతూనే ఉన్నవి. ఆ తరువాతి కాలంలో వచ్చిన ఇతర డీజిలు కార్లు కూడ ఇప్పుడు వయసు మళ్ళినవే. ఇక్కడ చెప్పబోయే విషయాలలో చాలభాగం వాటికీ వర్తిస్తుంది.

బండిని బాగుచేయడానికి ముందు అది ఎందుకు నడుస్తున్నదో తెలిసి ఉండవలె. పెట్రోలు ఇంజనులో విద్యుత్తు నిప్పురవ్వ పుట్టి ఇంధనాన్ని మండిస్తుంది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ అనేది లేదు. సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మనలో అందరం గమనించినదే. గాలిని అణచిపెడితే అది వేడెక్కుతుంది. డీజిలు ఇంజను సిలిండరులో పిస్టను గాలిని దాని మొదటి పరిమాణంలో ఇరవయ్యవ వంతుకు అణచివేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడెక్కుతుంది. సరిగా ఆ క్షణంలో నాజిల్ గుండా డీజిలు మంచుతుంపరవలె లోపలికి చిమ్మబడి, తనంతట తానే అంటుకొంటుంది. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిలు ఈ సూత్రంపై 1897లో ఔగ్స్‌బర్గు నగరంలో ఇంజనును విజయవంతంగా నడిపించాడు. 1900లో పారిస్ ప్రదర్శనలో అటువంటి ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచిందని ఆయన తరువాత చెప్పాడు. ఆ మాట విని మన రాయలసీమ రైతు సంతోషించవచ్చును గాని, గానుగనూనె తెచ్చి పాత కారు ట్యాంకులో పోయరాదు. ఆ నూనె చిక్కదనానికి నాజిళ్ళు పూడిపోతవి.

పైన చెప్పినదానిని బట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. డీజిలు ఇంజనుకు కావలసినవి శుభ్రమైన గాలి, దానిని అణచడానికి తగిన బిగువు, వేళకు చిమ్మే శుభ్రమైన ఇంధనం. ఈ మూడూ ఉంటే అది నడవక మానదు. ఒకసారి అందుకొన్న తరువాత ఆ పాతకాలపు ఇంజనుకు విద్యుత్తుతో కూడ పని లేదు. బ్యాటరీ చచ్చిపోయినా ఊరు చేర్చగలదు. నేటి కార్లలో వలె లోపల ఎలక్ట్రానిక్ మెదడు లేదు కనుక, వచ్చిన జబ్బు ఏదైనా కంటికి, చెవికి, ముక్కుకు అందుతుంది. అవిశ్వాసపాత్రమైన పాత డీజిలు కారును గురించి మనం చెప్పుకొనదగిన గొప్ప మంచిమాట ఇది: అది మొరాయించడానికి ముందు తప్పక ఏదో ఒక సూచన ఇస్తుంది.

మొదట, ఉదయపు మొరాయింపును గురించి చెప్పుకొందాము. రాత్రి చల్లబడిన ఇనుము గాలిలోని వేడిని పీల్చివేస్తుంది. అందుకని ప్రతి సిలిండరుకు ఒక హీటరు ప్లగ్గు ఉంటుంది. తాళంచెవి తిప్పి కొన్ని క్షణాలు ఆగితే అది ఎర్రగా కాలి లోపలి గాలిని వెచ్చజేస్తుంది. ఈ ప్లగ్గులలో ఒకటి కాలిపోతే ఇంజను మూడు కాళ్ళతో లేచే గేదెవలె తడబడుతూ లేస్తుంది. రెండు కాలిపోతే లేవనే లేవదు. ప్లగ్గులన్నీ బాగున్నా సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే లాభం లేదు. పిస్టను వేగంగా అణచినప్పుడే గాలికి వేడి పుడుతుంది. కాబట్టి బ్యాటరీని నిందించడానికి ముందు దాని కొసలకు పట్టిన తెల్లని పుప్పిని వేడినీటితో కడిగి, తీగలు బిగించి, ఇంజను నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్తు పట్టీ గట్టిగా ఉన్నదో లేదో చూడవలె. బ్యాటరీ మార్చినా బాగుపడని బండి ఆ ఎర్తు పట్టీని బిగిస్తే బాగుపడడం షెడ్డులలో తరుచుగా జరిగే సంగతి.

కొందరు డ్రైవర్లు చలి ఉదయాన గుడ్డపేలికకు నిప్పంటించి గాలి గొట్టం దగ్గర పెడతారు. మరికొందరు ఈథరు చిమ్ముతారు. రెండూ కూడని పనులు. మొదటిది బండిని, పందిరిని కలిపి దహించవచ్చును. రెండవది హీటరు ప్లగ్గు వేడి తగిలి వేళకాని వేళ పేలి, పిస్టను రింగులను విరిచివేయవచ్చును. ఇట్లా నాలుగుసార్లు లేపిన ఇంజను అయిదవసారి లేవకపోతే అది ఇంజను దోషం కాదు.

ఇక, నడుస్తూ నడుస్తూ ఆగిపోయే జబ్బు. బండి పదిమైళ్ళు బాగా పోయి, దగ్గినట్లు రెండుసార్లు ఊగి, దారిలో నిలిచిపోతుంది. కొంచెం సేపు ఆగి మళ్ళీ సెల్ఫ్ కొడితే లేస్తుంది, మళ్ళీ ఆగుతుంది. ఇది పెక్కుసార్లు ఇంధనంలో గాలి పట్టిన లక్షణం. ద్రవాన్ని పంపు ఒత్తగలదు గాని, గాలిబుడగను ఒత్తితే అది నలిగి ఊరుకొంటుంది, నాజిల్ తెరుచుకొనదు. గాలి ఎక్కడినుంచి వచ్చింది? ట్యాంకుకూ పంపుకూ మధ్య ఒక రబ్బరు గొట్టం పగిలి ఉండవచ్చును. ఒక వాషరు నలిగి ఉండవచ్చును. అటువంటి చోట నుంచి డీజిలు బయటికి కారకపోవచ్చును. లోపలికి గాలి మాత్రం పీల్చుకొంటుంది. అందుకే అది కంటికి కనబడక యజమానిని ఏడిపిస్తుంది. ఫిల్టరు దగ్గర ఒక ముక్క పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా అమర్చి చూస్తే బుడగలు వస్తున్నవో లేదో తెలిసిపోతుంది. గాలిని తీసివేసే పద్ధతి కష్టమైనది కాదు. ఫిల్టరు పైనున్న మరను వదులుచేసి, చేతిపంపును ఒత్తుతూ పోతే నురుగు వచ్చి, తరువాత బుడగలు లేని డీజిలు వస్తుంది. అప్పుడు మర బిగించవలె. ఈ పని ఇంట్లో ఒక్కరికైనా వచ్చి ఉంటే, అర్ధరాత్రి దారిలో ఆగిపోయిన కుటుంబం తెల్లవారేదాకా కూర్చొనవలసిన అవసరం ఉండదు.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. పంపునుంచి నాజిళ్ళకు పోయే సన్నని ఇనుప గొట్టాలలో డీజిలు వాతావరణ పీడనానికి 100 రెట్లు మించిన ఒత్తిడితో ఉంటుంది. ఇంజను నడుస్తుండగా అక్కడ కారుతున్నదేమోనని వేలు పెట్టి చూడరాదు. ఆ ధార చర్మాన్ని సూదివలె చీల్చుకొని లోపలికి పోగలదు. గాయం చిన్నదిగా కనబడినా లోపలి కండ కుళ్ళి వేలు తీసివేయవలసి రావచ్చును. అట్లా జరిగితే కట్టు కట్టి ఊరుకొనక, వెంటనే ఆసుపత్రికి పోయి ఆ సంగతి వైద్యునికి చెప్పవలె. ఆ గొట్టాల జోలి, నాజిళ్ళ జోలి పనివానికే విడిచిపెట్టడం మంచిది.

గాలి తరువాత శత్రువు నీరు. వానాకాలంలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రిపూట గాలిలోని తేమ చెమటవలె పట్టి అడుగుకు దిగుతుంది. డీజిలు కంటె నీరు బరువు. పంపులోని భాగాలు వెంట్రుకలో ఎన్నోవంతు సందుతో ఒకదానిలో ఒకటి తిరుగుతుంటవి. వాటికి కందెన ఆ డీజిలే. నీరు చేరితే తుప్పు పడుతుంది. కిరోసిను కలిసిన డీజిలు పోసినా అంతే. కందెన గుణం తగ్గి పంపు అరిగిపోతుంది. లీటరుకు నాలుగు రూపాయలు మిగుల్చుకొని వేల రూపాయల పంపును పోగొట్టుకొనడం, ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడడం వంటిది. సాయంకాలం ట్యాంకు నింపి పెట్టడం, నెలకొకసారి ఫిల్టరు అడుగున ఉన్న మర విప్పి నీరు వదలడం, చెప్పిన గడువుకు ఫిల్టరు మార్చడం, ఈ మూడు అలవాట్లు చాలు. 2020 ఏప్రిలు నుంచి మన దేశమంతటా దొరుకుతున్న డీజిలులో గంధకం పదిలక్షల పాళ్ళలో 10 పాళ్ళకు మించరాదు. ఒకప్పుడు అది వేలలో ఉండేది. ఊరి గాలికి ఇది మేలే. కాని పాత పంపులలోని రబ్బరు వాషర్లు ఈ కొత్త ఇంధనానికి కొన్నిచోట్ల బిగువు తప్పి కారుతవి. కనుక వాటిని ఈ కాలపు రకం వాషర్లతో మార్పించుకొనవలె.

డీజిలు బండికి పొగ నాడి వంటిది. వైద్యుడు నాడి చూసినట్లు యజమాని ప్రతిదినం పొగ చూడవలె. నల్లని పొగ వచ్చిందంటే ఇంధనం ఎక్కువై గాలి చాలడం లేదన్నమాట. ముందుగా ఎయిర్ ఫిల్టరును చూడవలె. మన పల్లె దారుల దుమ్ముకు అది ఎంత త్వరగా పూడుతుందో చెప్పనక్కరలేదు. అది శుభ్రంగా ఉంటే నాజిళ్ళను పరీక్షకు పంపవలె. తుంపరగా చిమ్మవలసిన నాజిల్ బొట్లుగా కారుస్తూ ఉండవచ్చును. నీలిరంగు పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నదని అర్థం. రింగులో, వాల్వుల దగ్గర సీళ్ళో అరిగినవి. తెల్లని పొగ ఉదయం కాసేపు వచ్చి తగ్గిపోతే అది మండని డీజిలు, చలివల్ల వచ్చింది. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లని పొగ ఆగక, రేడియేటరులో నీరు తగ్గుతూ ఉంటే మాత్రం హెడ్డు గ్యాస్కెట్ పోయి నీరు సిలిండరులోకి దిగుతున్నదేమోనని అనుమానించి, బండిని అక్కడితో ఆపవలె.

మన ఎండల సంగతి వేరే చెప్పవలెనా? రెంటచింతలలో, రామగుండంలో వైశాఖమాసపు మధ్యాహ్నం మనుష్యులే నీడ పట్టున ఉంటారు. ఆ ఎండలో శ్రీశైలం ఘాటురోడ్డో, అరకు ఘాటురోడ్డో ఎక్కే పాత బండి పరిస్థితి ఊహించుకొనవచ్చును. రేడియేటరులో బోరునీరు పోయడం మన దేశంలో పెద్ద దురలవాటు. పలనాటి, నల్లగొండ ప్రాంతాల బోరునీటిలో సున్నపు పాలు ఎక్కువ. ఇంట్లో నీళ్ళు కాచే పాత్రకు అడుగున తెల్లగా పట్టే పెచ్చే ఇంజను లోపల కూడ పడుతుంది. వాననీరు గాని, శుద్ధమైన నీటిలో కూలెంటు కలిపి గాని పోయవలె. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు. ఎగజిమ్మిన ఆవిరికి ముఖాలు కాలినవారు మన ఊళ్ళలో కొత్త కాదు. బండి వేడెక్కుతున్నదని థెర్మోస్టాటును పీకి పారవేయడం కొందరు మేస్త్రీల పద్ధతి. దానివల్ల ఇంజను ఎప్పుడూ చలిజ్వరంతో ఉన్నట్లు నడిచి, పొగ హెచ్చి, త్వరగా అరుగుతుంది. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో ఒత్తి చూడడం, పగుళ్ళు ఉన్నవేమో వెనుకవైపు తిప్పి చూడడం అరనిమిషం పని. ఆ ఒక్క బెల్టే పంకాను, నీటి పంపును, బ్యాటరీని నింపే యంత్రాన్ని తిప్పుతున్నది. కొన్ని తరువాతి కార్లలో ఇంజను లోపల టైమింగ్ బెల్టు అని మరొక రబ్బరు బెల్టు ఉంటుంది. దానిని మాత్రం చూపుకు వదిలిపెట్టక, కంపెనీ చెప్పిన కిలోమీటర్లకు తప్పక మార్చవలె. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనంతా పోతుంది.

ఇంతవరకు యంత్రాన్ని గురించి చెప్పాను. ఇప్పుడు ఒక మనిషిని గురించి చెప్పనివ్వండి. గోదావరి డెల్టాలో ఒక చిన్న పట్టణంలో నాకు తెలిసిన టాక్సీ డ్రైవరొకాయన ఉండేవారు. పెద్ద చదువు లేదు. పాత డీజిలు కారు ఒకటి, అద్దె ఇల్లు ఒకటి ఆయన సంసారం. కారు డ్యాష్‌బోర్డు అరలో ఎప్పుడూ ఒక అట్టపుస్తకం ఉండేది. అందులో గీతలు గీసి తేదీ, కిలోమీటర్లు, పోసిన డీజిలు, కలిపిన ఇంజను ఆయిలు, ఆ రోజు బండి చేసిన అల్లరి వ్రాసుకొనేవారు. "చిన్న చప్పుడు, ఎడమ ముందు", "ఉదయం రెండుసార్లు సెల్ఫ్" ఇట్లా రెండు మూడు మాటలు. ఆ పుస్తకంలో మొదటి పేజీలలో 1000 కిలోమీటర్లకు పావులీటరు ఆయిలు కలిపినట్లున్నది. మూడేండ్ల తరువాతి పేజీలలో అదే దూరానికి లీటరు. లీటరు డీజిలుకు 15 కిలోమీటర్లు వచ్చిన బండి 12కు దిగింది. ఇంజను బోరుకు వచ్చిందని ఆయనకు మేస్త్రీ చెప్పలేదు, పుస్తకం చెప్పింది. ఆరు నెలల ముందే తెలిసింది కనుక డబ్బు కూడబెట్టుకొని, పనులు తక్కువగా ఉండే ఆషాఢంలో ఇంజను దింపి బాగుచేయించుకొన్నారు. అదే పెండ్లిండ్ల రోజులలో దారిలో ఆగిపోయి ఉంటే ఆ సంసారం అప్పులపాలయ్యేది.

ఆయనను గురించి మరొక సంగతి ఉన్నది. ఒక సాయంకాలం పొరుగూరి రైతు వచ్చి, "మా అమ్మాయికి నెలలు నిండినవి. డాక్టరమ్మ తెల్లవారేలోగా కాకినాడ తీసుకొని పొమ్మన్నది. బండి కట్టవయ్యా" అన్నాడు. ఈయన పుస్తకం తీసి చూసుకొని, "ఇవాళ నా బండి వద్దు బాబాయ్. నిన్న రెండుసార్లు దారిలో గాలి పట్టి ఆగింది. ఎక్కడ పీలుస్తున్నదో ఇంకా చిక్కలేదు. మా బావమరిది బండి పంపిస్తాను, అద్దె కూడ అదే" అన్నారు. రైతుకు కోపం వచ్చింది. "ఇరవై ఏండ్లనుంచి నీ బండే ఎక్కుతున్నాము, ఇవాళ వెళ్ళి ఇంకొకరి బండి ఎక్కమంటావా?" అని తగవు పెట్టుకొన్నాడు. "నన్ను నమ్మి ఎక్కుతున్నారు గనుకనే చెబుతున్నాను" అని ఆయన బండి తీయనేలేదు. ఆ రాత్రి అద్దె పోయింది. ఆ నెలలో ఆ అద్దె ఆయనకు ఎంత అవసరమో నాకు తెలుసు. బావమరిది బండిలో ఆ పిల్ల వేళకు ఆసుపత్రి చేరింది. మరునాడు ఆయన మధ్యాహ్నందాకా బండి క్రింద పడుకొని వెదకితే, ట్యాంకు దగ్గర బిగింపు క్రింద గొట్టానికి గోరంత పగులు దొరికింది.

బండిని నమ్మడం, నమ్మకపోవడం అన్నది అదృష్టం కాదు. దాని స్థితి మనకు ఎంతవరకు తెలుసునన్నదే నమ్మకం. తెలిసిన లోపం ఉన్న బండిని ఏ పనికి వాడవచ్చునో, ఏ పనికి వాడరాదో నిర్ణయించుకొనవచ్చును. తెలియని లోపమే మనుష్యులను చీకటిలో, వానలో, బిడ్డలతో సహా దారిలో నిలబెడుతుంది. కనుక పాత కారు ఉన్న ప్రతి గృహస్థు అటువంటి పుస్తకం ఒకటి పెట్టుకొనవలెనని నా మనవి. పది రూపాయల నోటుపుస్తకం చాలు.

ఇంజను ఆయిలును గురించి ఒక మాట. డీజిలు బండిలో కొత్త ఆయిలు పోసిన కొద్దిరోజులకే నల్లబడుతుంది. అది మసిని తనలో మోస్తున్నదన్నమాట, భయపడనక్కరలేదు. డిప్‌స్టిక్ తీసినప్పుడు ఆయిలు మజ్జిగవలె తెల్లగా కనబడితే భయపడవలె, నీరు కలిసింది. ఆయిలు మట్టం తగ్గడానికి బదులు పెరిగితే ఇంకా భయపడవలె, పంపునుంచి డీజిలు దిగుతున్నది. మట్టం మరీ పెరిగితే ఒక్కొక్కసారి ఇంజను ఆ ఆయిలునే పీల్చి మండించుకొంటూ, స్టాపరు లాగినా ఆగక, గగ్గోలు పెడుతూ వేగం పెంచుకొనిపోతుంది. అటువంటప్పుడు క్లచ్చి నొక్కి టాపు గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, క్లచ్చిని మెల్లగా వదిలితే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. అది అప్పటికప్పుడు ఆలోచించుకొనే విషయం కాదు. ముందుగానే తెలిసి ఉండవలె.

డబ్బు తక్కువగా ఉన్నవాడు దేనికి ముందు ఖర్చు పెట్టవలె? బండి నడవడం కంటె ఆగడం ముఖ్యం. బ్రేకులు, స్టీరింగు కీళ్ళు, టైర్లు, దీపాలు, ఇవి మొదటి వరుస. ఇవి సరిగా లేని బండి ఎంత చక్కగా స్టార్టయినా ప్రమాదకరమే. నిజానికి స్టార్టు కాని బండి అంతకంటె మేలు. తరువాతిది చల్లబరచే వరుస: హోసు గొట్టాలు, బెల్టు, రేడియేటరు. మూడవది ఇంధనపు వరుస: ఫిల్టర్లు, గొట్టాలు, నాజిళ్ళు. రంగు, సీట్ల గుడ్డలు, పాటల పెట్టె అన్నిటికంటె చివర. మన ఊళ్ళలో ఈ వరుస తరుచుగా తలక్రిందులుగా ఉంటుంది. దూరప్రయాణానికి పోయేటప్పుడు ఒక సంచిలో ఫ్యాన్ బెల్టు, ఫిల్టరు, హోసు గొట్టం, బిగింపులు, హీటరు ప్లగ్గు ఒకటి, రెండు మూడు స్పానర్లు, చేతిదీపం, అయిదు లీటర్ల నీరు ఉంచుకొంటే, సగం కష్టాలు దారిలోనే తీరుతవి.

ఇక చివరి ప్రశ్న, కష్టమైన ప్రశ్న. ఎప్పటిదాకా? పాత కారు మీద మమకారం సహజం. తండ్రి కొన్న కారు, పెండ్లికూతురిని తీసుకొని వచ్చిన కారు అని ఇంటివారు విడవలేరు. కాని దాని పొగ మన ఇంటి గోడల మధ్య నిలబడేది కాదు. డీజిలు పొగ మనుష్యులలో పుట్టకురుపుకు కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012లో నిర్ధారించింది. బడి గేటు దగ్గర నిలబడి నల్లపొగ వదిలే బండికి ఎంత చరిత్ర ఉన్నా, ఆ చరిత్రను పీల్చుకొంటున్నది ఇతరుల పిల్లలు. 1988 మోటారు వాహనాల చట్టం సొంత కారు రిజిస్ట్రేషనుకు 15 ఏండ్ల గడువు పెట్టి, ఆ తరువాత తనిఖీ చేయించుకొని 5 ఏండ్ల చొప్పున పొడిగించుకొమ్మన్నది. ఢిల్లీ ప్రాంతంలో పదేండ్లు దాటిన డీజిలు వాహనాలు తిరుగరాదని జాతీయ హరిత ట్రిబ్యునలు 2015లో ఆదేశించింది, సుప్రీంకోర్టు 2018లో దానిని సమర్థించింది. పాత వాహనాలను తుక్కుకు ఇచ్చే విధానాన్ని 2021లో కేంద్రప్రభుత్వం ప్రకటించింది. ఈ చట్టాలను మనమీద పగబట్టి చేసినవిగా తలచరాదు.

నా దృష్టిలో మూడు పరీక్షలున్నవి. అన్ని మరమ్మతులు చేయించిన తరువాత కూడ పొగ పరీక్షలో నెగ్గని బండిని ఉంచుకొనరాదు. ఛాసిస్ తుప్పు పట్టి అతుకులు వేసినచోటే మళ్ళీ అతుకు వేయవలసి వచ్చిన బండిని ఉంచుకొనరాదు. ఇంట్లో ప్రాణాపాయం సంభవించినప్పుడు ఎక్కవలసిన బండి అదొక్కటే అయి, దానిని ఎక్కడానికి మనసు వెనుకాడుతూ ఉంటే, ఎంత మమకారమున్నా ఇంకొక ఏర్పాటు చూసుకొనవలె. ఈ మూడు పరీక్షలలో నిలిచిన బండి పాతదైనా సిగ్గుపడనక్కరలేదు. దానిని మరి పదేండ్లు నడుపుకొనవచ్చును. ఉన్నదానిని పారవేయక బాగుచేసుకొనడం మన పెద్దలనుంచి వచ్చిన మంచి గుణమే.

మేస్త్రీ చేతిలో స్పానరు ఉంటుంది గాని, బండితో రోజూ ఉండేది యజమాని చెవి. నిన్నటి చప్పుడుకూ నేటి చప్పుడుకూ ఉన్న భేదం ఆయనకే తెలుస్తుంది. రేపు ఉదయం సెల్ఫ్ కొట్టడానికి ముందు ఒక్కసారి బానెట్టు ఎత్తి నీరు, ఆయిలు, బెల్టు చూడండి. లేచిన తరువాత వెనుకకు వెళ్ళి పొగ రంగు చూడండి. చూసినదానిని ఒక పుస్తకంలో వ్రాసి పెట్టుకొనండి. మొత్తం అయిదు నిమిషాల పని. నెల తిరిగేసరికి మీ కారును గురించి మీకు ఇంతవరకు తెలియని సంగతులు ఆ పుస్తకంలో పది కనబడతవి. వాటిలో ఏ ఒక్కటైనా అర్ధరాత్రి దారిలో కాక ముందే తెలిసినందుకు మీ ఇంటివారు సంతోషిస్తారు.